తలంబ్రాల వేళ బిట్‌రేటు: డిస్కు ప్రతుల ఎన్‌కోడింగ్ - పాఠవిమర్శ దృష్టి

వ్యాససంగ్రహం

తెలుగు చలనచిత్రాలూ పెళ్లి వీడియోలూ దాదాపు రెండు దశాబ్దాల పాటు వీసీడీ, డీవీడీ రూపాల్లో ఇళ్లకు చేరాయి. ఏ ప్లేయర్‌లో పెట్టినా డిస్కు ఆడాలన్న అవసరం కొద్దీ ఆ ప్రతులను తయారుచేసినవారు బిట్‌రేటుకూ బఫర్‌కూ హద్దులు పెట్టారు. ప్రతిలో ఏది నిలిచింది, ఏది చెదిరింది అన్న సంగతిని చాలావరకు ఆ హద్దులూ, వాటి లోపల చేసిన కేటాయింపులూ నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ - ఎల్బీనగర్ ప్రాంతపు పెళ్లి వీడియోనూ, 'మాయాబజార్' చిత్రాన్నీ ఉదాహరణలుగా తీసుకొని, తాళపత్ర ప్రతులకు మనం వాడే పాఠపరిష్కరణ పద్ధతిని డిస్కు ప్రతులకు ఎలా అన్వయించవచ్చో చర్చిస్తుంది.

కీలకపదాలు: డిస్కు ప్రతి, బిట్‌రేటు, బఫర్, ఎన్‌కోడింగ్, ప్లేయర్ అనుకూలత, పాఠపరిష్కరణ, పెళ్లి వీడియో, దిల్‌సుఖ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పాఠపరిష్కరణకు గట్టి సంప్రదాయం ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని 'కుమారసంభవము'ను ప్రకటించి సాహిత్యచరిత్రలో పెద్ద చర్చకు దారి తీశాడు. ఆంధ్ర మహాభారతానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం సంశోధిత ముద్రణ వెలువరించింది. ఈ కృషి అంతటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. మన చేతికి అందేది ఎప్పుడూ కావ్యానికి ఒక ప్రతి మాత్రమే. ఆ ప్రతిని ఎవరు, ఎన్ని ఆకుల్లో, ఎవరు చదవడం కోసం రాశారో తెలియనిదే అందులోని పాఠం మీద తీర్పు చెప్పలేము.

దృశ్యప్రతుల విషయంలో ఈ జాగ్రత్త మనలో ఇంకా అలవాటు కాలేదు. చలనచిత్రాలపై వచ్చే వ్యాసాల్లో ఆకరప్రస్తావన తరచు 'డీవీడీ ఆధారంగా' అన్న మాటతోనే ముగుస్తుంది. ఆ డీవీడీ ఎంత నిడివిని ఎంత జాగాలో ఇమిడ్చింది, క్షణానికి ఎంత సమాచారాన్ని అనుమతించింది, ఏ ప్లేయర్‌ను మనసులో పెట్టుకొని తయారైంది అన్న ప్రశ్నలు ఎదురుకావు. చిత్రం మసకగా ఉంటే ఛాయాగ్రాహకుడినో, పాత రీలునో అనుమానిస్తాము. లేఖకుడి దోషాన్ని కవికి అంటగట్టడం ఎటువంటి తప్పో ఇదీ అటువంటి తప్పే.

ఈ వ్యాసం చెప్పదలచిన విషయం క్లుప్తంగా ఇది: డిస్కును చదివే పరికరపు శక్తి ఆ డిస్కులోని పాఠాన్ని ముందుగానే తీర్చిదిద్దింది. కాబట్టి బిట్‌రేటు, బఫర్ విలువలను ప్రతి లక్షణాలుగా గుర్తించి నమోదు చెయ్యడం విమర్శకుడి పని.

2. ప్రతులు పుట్టిన చోటు

మలక్‌పేట దాటి విజయవాడ రహదారి వెంట తూర్పుగా సాగితే మూసారంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ వరుసగా వస్తాయి. నల్గొండ, ఖమ్మం వైపుల నుంచీ, కోస్తా జిల్లాల నుంచీ నగరానికి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. కోణార్క్, వెంకటాద్రి వంటి థియేటర్లు, శిక్షణ సంస్థలు, హాస్టళ్లు, ఫొటో స్టూడియోలు, ఫంక్షన్ హాళ్లు ఒకే రహదారిని ఆనుకొని పెరిగాయి. సినిమా చూసేవారూ, పెళ్లి చేసేవారూ, పెళ్లిని చిత్రించేవారూ ఇక్కడ ఇరుగుపొరుగువారు. అందువల్ల డిస్కు యుగపు రెండు ప్రధాన ప్రతిరూపాలను, అంటే బజారులో కొన్న సినిమా డిస్కునూ, స్టూడియో రాసి ఇచ్చిన పెళ్లి డిస్కునూ, పక్కపక్కన పెట్టి చూడడానికి ఈ ప్రాంతం అనువైనది.

పెళ్లి డిస్కు పాఠకులను గమనిస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. స్టూడియో ఇచ్చిన ప్రతి మొదట పెళ్లివారి ఇంట్లో ఆడుతుంది. దాని నకలు ఊళ్లో మేనమామ ఇంటికి వెళ్తుంది. అక్కడ ఉండేది చౌక ప్లేయర్. ఇంకో నకలు అమెరికాలో ఉన్న అన్నయ్యకు చేరుతుంది. అక్కడి ప్లేయర్ వేరే టీవీ ప్రమాణానికి కట్టుబడి ఉంటుంది. డిస్కు రాసే మనిషికి ఈ ముగ్గురిలో ఎవరి పరికరమూ కంటికి కనిపించదు. కాబట్టి అతడు అన్నిటిలోకీ బలహీనమైన పరికరాన్ని ఊహించుకొని రాయాలి. ప్లేయర్ అనుకూలత అంటే ఇదే. ఈ ఊహకు అంకెలలో ఇచ్చిన రూపమే బఫర్ హద్దు.

3. బిట్‌రేటు, బఫర్: హద్దుల స్వరూపం

వీడియోను కుదించి రాసే ఎంపెగ్ పద్ధతిలో అన్ని ఫ్రేములూ సమానం కావు. కొన్ని ఫ్రేములను స్వతంత్రంగా, సంపూర్ణంగా రాస్తారు. మిగతావాటిలో ముందు వెనుకల ఫ్రేములతో పోలిస్తే వచ్చిన తేడాను మాత్రమే రాస్తారు. పెళ్లిపీటల మీద వధూవరులు కదలకుండా కూర్చున్నంతసేపు తేడా స్వల్పం. ఫ్రేముకు పట్టే బిట్లు తక్కువ. దృశ్యం ఒక్కసారిగా మారితే ఆ ఫ్రేముకు చాలా బిట్లు కావాలి.

డిస్కు నుంచి బిట్లు వచ్చే వేగానికి మాత్రం పరిమితి ఉంది. ఈ రెంటినీ పొసగించేది బఫర్. హైదరాబాద్ ఇళ్లలో నల్లా ధార సన్నగా వస్తున్నా మేడమీద ట్యాంకు నిండి ఉంటే ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు వాడుకోవచ్చు. ట్యాంకు ఖాళీ అయితే ధార ఎంత ఇస్తే అంతే. ప్లేయర్‌లోని బఫర్ అటువంటి ట్యాంకు. సెకనుకు 25 సార్లు, ఒక్కొక్క ఫ్రేముకు కావలసిన బిట్లను డీకోడర్ దానిలోంచి తోడుకుంటుంది. చూపవలసిన వేళకు ఫ్రేము పూర్తిగా చేరకపోతే బొమ్మ ఆగుతుంది, లేదా గళ్లుగళ్లుగా విడిపోతుంది. అందుకని ఎన్‌కోడర్ రాసే సమయంలోనే ఒక ఊహా బఫర్‌ను నింపుతూ, ఖాళీ చేస్తూ లెక్క చూసుకుంటుంది. ఖాళీ కాబోతున్నదని తెలిస్తే తరువాతి ఫ్రేముల నాణ్యతను తగ్గిస్తుంది.

ఈ హద్దులు ప్రమాణాల్లోనే ఉన్నాయి. 1993 నాటి వీసీడీ ప్రమాణంలో చిత్రం 352×288 చుక్కలు. వీడియోకు సెకనుకు 11,50,000 బిట్లు, మారని వేగం. శబ్దానికి 2,24,000 బిట్లు. దాని ఎంపెగ్-1 బఫర్ హద్దు 3,27,680 బిట్లు, అంటే 40 కిలోబైట్లు. 1996లో జపాన్ మార్కెట్లోకి వచ్చిన డీవీడీలో మన టీవీ ప్రమాణపు చిత్రం 720×576 చుక్కలు; వీడియోకు గరిష్ఠంగా సెకనుకు 98 లక్షల బిట్లు; శబ్దం, ఉపశీర్షికలు కలిపి మొత్తం 1,00,80,000 బిట్లు దాటరాదు. బఫర్ 18,35,008 బిట్లు, అంటే 224 కిలోబైట్లు.

ఈ అంకెల అర్థం ఫ్రేముల లెక్కలోకి మార్చి చూస్తే తెలుస్తుంది. వీసీడీలో ఫ్రేముకు సగటు 46,000 బిట్లు. బఫర్‌లో అటువంటివి ఏడు మాత్రమే పడతాయి. అంటే పావు సెకనుకు కాస్త మించిన నిల్వ. అంతకన్నా ఎక్కువ సేపు దృశ్యం గందరగోళంగా ఉంటే వీసీడీ దానిని యథాతథంగా చెప్పలేదు. డీవీడీకి ఆ శక్తి చాలా ఎక్కువ. అయితే ఆ శక్తిని వాడుకోవడం, వదులుకోవడం రాసే మనిషి చేతిలో ఉంటుంది.

4. ముహూర్తపు లెక్క

మూడు గంటల పెళ్లి వీడియోను ఒకే పొర ఉన్న డీవీడీలో రాయాలనుకుందాం. డిస్కు పరిమాణం 470 కోట్ల బైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. దానిని 10,800 సెకన్లకు పంచితే సెకనుకు సుమారు 34.8 లక్షల బిట్లు వస్తాయి. శబ్దాన్ని సెకనుకు 1,92,000 బిట్లకు కుదించి, అమరికకు కొంత విడిచిపెడితే చిత్రానికి మిగిలేది సుమారు 32 లక్షలు. మూలమైన డీవీ టేపులో చిత్రానికి సెకనుకు సుమారు 250 లక్షల బిట్లు ఉండేవి. ప్రతి తయారీలో ఎంత వదులుకోవలసి వస్తుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఇక్కడ మొదటి పొరపాటు శబ్దం దగ్గర జరుగుతుంది. టేపులోని శబ్దాన్ని కుదించకుండా అలాగే ఉంచితే దానికే సెకనుకు 15,36,000 బిట్లు పోతాయి. మొత్తం కేటాయింపులో అది 44 శాతం. చిత్రానికి 20 లక్షలైనా మిగలవు. నాదస్వరం స్వచ్ఛంగా వినిపిస్తుంది. అక్షింతలు వేస్తున్న తాతగారి ముఖం మాత్రం ఆనవాలు పట్టదు. పైగా శబ్దాన్ని ఇలా ఉంచి చిత్రపు గరిష్ఠాన్ని 98 లక్షలుగా పెడితే రెండూ కలిసి ప్రమాణపు మొత్తం హద్దును దాటిపోతాయి. అటువంటి డిస్కును రాసే సాఫ్ట్‌వేర్ నిరాకరించాలి. నిరాకరించకపోతే ప్లేయర్ తడబడుతుంది.

రెండవ పొరపాటు మరింత సూక్ష్మమైనది. పెళ్లి వీడియోలో ఎన్‌కోడర్‌కు అత్యంత కష్టమైన ఘట్టం ఏది? జీలకర్ర బెల్లం పెట్టే క్షణమూ, తలంబ్రాల ఘట్టమూ. తలంబ్రాలలో వందలాది గింజలు ఒక్కసారిగా తలో దిక్కుకు రాలుతాయి. ఏ గింజ ఎటు పోతుందో ముందు ఫ్రేమును బట్టి చెప్పలేము. అదే సమయంలో చుట్టూ ఫొటో కెమెరాల ఫ్లాష్‌లు వెలుగుతాయి. ఒక్క ఫ్లాష్‌కు ఫ్రేము మొత్తం తెల్లబడి, మరుక్షణం మళ్లీ మామూలవుతుంది. తేడా మాత్రమే రాసి పొదుపు చేసే పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు. ముందు ఫ్రేముతో పోలిక తెగిపోయినందున ఇంచుమించు పూర్తి ఫ్రేమునే మళ్లీ రాయవలసి వస్తుంది. ఆ కుటుంబానికి అన్నిటికన్నా విలువైన నిమిషాలూ, బఫర్‌ను అన్నిటికన్నా వేగంగా ఖాళీ చేసే నిమిషాలూ ఒకటే.

మారని బిట్‌రేటు పెట్టిన డిస్కులో ఈ ఘట్టంలోని ఫ్రేముకు, బఫర్ నిల్వ అయిపోయిన తరువాత, అందేది 1,28,000 బిట్లు మాత్రమే. అతిథులు కూర్చుని ఉన్న నిశ్చలదృశ్యానికీ అంతే కేటాయింపు. మారే బిట్‌రేటు పెట్టి, గరిష్ఠాన్ని 80 లక్షలుగా అనుమతిస్తే, అదే ఘట్టంలో ఒక్కొక్క ఫ్రేముకు 3,20,000 బిట్లు అందుతాయి, రెండున్నర రెట్లు. దీనికి మూల్యం ఎంత? పది నిమిషాల పాటు గరిష్ఠ వేగంతో రాసినా మిగిలిన రెండు గంటల యాభై నిమిషాల సగటు 32 లక్షల నుంచి సుమారు 29 లక్షలకు తగ్గుతుంది. పదో వంతు కన్నా తక్కువ. మండపం అలంకరణ మీదా, గ్రూపు ఫొటోల వరుస మీదా ఆ తగ్గుదల కంటికి ఆనదు. ముహూర్తం మాత్రం చెదరకుండా నిలుస్తుంది.

ఇందుకు రెండు విడతల ఎన్‌కోడింగ్ అవసరం. మొదటి విడతలో వీడియో అంతా చదివి ఎక్కడ ఎంత క్లిష్టత ఉందో కొలుస్తారు. రెండవ విడతలో దానిని బట్టి బిట్లు పంచుతారు. కావ్యమంతా ఒకసారి చదివి, ఎన్ని ఆకులు పడతాయో అంచనా వేసుకొని రాత మొదలుపెట్టే లేఖకుడి పద్ధతి ఇది. దీనికి సమయం రెట్టింపు పడుతుంది. పెళ్లిళ్ల సీజనులో రోజుకో డిస్కు అందించవలసిన స్టూడియోకు ఆ సమయం దొరకడం కష్టం. కాబట్టి చెదిరిన ముహూర్తానికి కారణం వెదకాలంటే రాసిన మనిషి అశ్రద్ధతో పాటు, అతని ముందున్న గడువునూ, కంప్యూటర్ వేగాన్నీ, ఇంకో ఖాళీ డిస్కు ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

గరిష్ఠం 80 లక్షలే ఎందుకు, ప్రమాణం 98 లక్షలు అనుమతిస్తున్నది కదా అన్న ప్రశ్న వస్తుంది. కర్మాగారంలో అచ్చు పోసిన డిస్కు కన్నా రంగుపొర మీద లేజరుతో రాసిన డిస్కు కాంతిని తక్కువగా ప్రతిఫలిస్తుంది. చవక ప్లేయర్లు దానిని చదవడంలో తప్పులు చేసి, అదే చోటును మళ్లీ చదువుతాయి. వేగం హద్దును అంటి ఉంటే ఆ రెండో ప్రయత్నానికి వ్యవధి ఉండదు. అందువల్ల అనుభవం ఉన్నవారు ప్రమాణపు హద్దుకు కొంత దిగువనే ఆగుతారు. నాణ్యత అమరికలను చివరి దాకా పెంచడమే మంచిదన్న అభిప్రాయం ఇక్కడ తప్పుతుంది. ఊళ్లో మేనమామ ఇంట ఆడని డిస్కులో ఎంత నాణ్యత ఉన్నా ఆయనకు ఆ పెళ్లి అందనట్టే.

5. ఒకే డిస్కులో మూడు సినిమాలు

సినిమా డిస్కుల వైపు చూస్తే ఇదే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. 2000ల రెండో అర్ధభాగంలో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి తెచ్చాక డిస్కు ధరలపై అందరి అంచనాలూ మారాయి. మార్కెట్లో ఒకే డీవీడీలో రెండు మూడు సినిమాలు ఇమిడ్చిన కూర్పులు ప్రచారంలోకి వచ్చాయి. కొనుగోలుదారుకు ఇది లాభసాటి బేరంగా కనిపించింది.

లెక్క వేసి చూద్దాం. ఒక్కొక్కటి 2 గంటల 40 నిమిషాల నిడివి గల మూడు తెలుగు సినిమాలు కలిపి ఎనిమిది గంటలు, అంటే 28,800 సెకన్లు. ఒకే పొర ఉన్న డీవీడీలో సెకనుకు వచ్చేది 13 లక్షల బిట్లు. శబ్దం తీసివేస్తే చిత్రానికి సుమారు 11 లక్షలు. ఇది వీసీడీ కన్నా తక్కువ. పైగా వీసీడీ చిత్రంలో ఉన్న చుక్కలు 1,01,376. డీవీడీ చిత్రంలో ఉన్నవి 4,14,720. అవే బిట్లను నాలుగు రెట్ల చుక్కలకు పంచాలి. రెండు పొరలున్న 850 కోట్ల బైట్ల డిస్కు వాడినా చిత్రానికి దక్కేది సుమారు 21.7 లక్షలే. పెట్టె మీద 'డీవీడీ' అన్న మాట నిజమే. లోపలి పాఠం మాత్రం వీసీడీ కన్నా పలుచనిది.

ప్రమాణం ఈ పరిస్థితిని ముందే ఊహించింది. డీవీడీలో 352×576, 352×288 చుక్కల చిత్రాలకూ అనుమతి ఉంది. తక్కువ బిట్లతో రాయక తప్పనప్పుడు చుక్కల సంఖ్య తగ్గిస్తే బొమ్మ కాస్త మెత్తబడుతుంది కాని గళ్లుగా విడిపోదు. కాబట్టి ఇటువంటి కూర్పుల్లో కనిపించే గళ్లను ప్రమాణపు దోషమని అనలేము. జాగా చాలదని తెలిసినా పూర్తి చుక్కల సంఖ్యను అట్టేపెట్టుకోవాలన్న నిర్ణయంలోనే దోషం ఉంది.

పాఠవిమర్శకు దీని పర్యవసానం 'మాయాబజార్' (1957) వంటి చిత్రం దగ్గర తేటపడుతుంది. 184 నిమిషాల ఈ చిత్రాన్ని ఒక్కటిగా ఒకే పొర డీవీడీలో రాస్తే చిత్రానికి సెకనుకు సుమారు 32 లక్షల బిట్లు దక్కుతాయి. ఇంకో సినిమాతో కలిపితే దాదాపు సగం పోతుంది. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలోని నౌకావిహార గీతాన్ని గుర్తుకు తెచ్చుకుందాం. వెన్నెల, నీటి అలల మీద మెరుపు, చీకటి నేపథ్యం, వాటన్నిటి మీద ఫిల్ము రేణువుల కదలిక. అలలూ రేణువులూ రెండూ తలంబ్రాల వంటివే. ముందు ఫ్రేమును బట్టి ఊహించడానికి లొంగవు. బిట్లు చాలనప్పుడు ఎన్‌కోడర్ మొదట చెరిపేది చీకటిలోని సున్నితమైన ఛాయాభేదాలనే. అలలు మచ్చలవుతాయి, వెన్నెల పట్టీలు పట్టీలుగా తెగుతుంది. అటువంటి ప్రతి చూసి బార్ట్లీ కళ మీద అభిప్రాయం చెప్పే విద్యార్థి, చెదలు తిన్న ఆకును చదివి కవికి యతిభంగం అంటగట్టినట్టే.

వీసీడీ ప్రతిలో మరో విశేషం ఉంది. 74 నిమిషాల డిస్కు కొలతకు 'మాయాబజార్' మూడు డిస్కులవుతుంది. ఖండాల విభజన కథను బట్టి జరిగితే సరే. జాగా నిండిన చోట జరిగితే ప్రేక్షకుడికి విశ్రాంతి అనుకోని సన్నివేశంలో వస్తుంది. కావ్యాన్ని ఆశ్వాసాంతంలో కాక ఆకు అయిపోయిన చోట ఆపినట్టు. ఆ ప్రతులతో పెరిగిన తరం జ్ఞాపకంలో ఈ విరామాలు చేరిపోయే అవకాశం ఉంది. సినిమా స్వీకరణ చరిత్రను రాసేవారు విస్మరించలేని అంశం ఇది.

6. ఇరవై నాలుగు, ఇరవై అయిదు

అనుకూలత కోసం జరిగే మరో సర్దుబాటు కాలానికి సంబంధించినది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన టీవీ ప్రమాణం 25. ఈ తేడా తీర్చడానికి సాధారణమైన మార్గం ఫిల్మును కొంచెం వేగంగా నడపడం. అప్పుడు 184 నిమిషాల చిత్రం 177 నిమిషాల లోపే ముగుస్తుంది. విడిగా సవరించకపోతే శ్రుతి కూడా అదే నిష్పత్తిలో, అంటే 25/24 చొప్పున పెరుగుతుంది. ఇరవై రెండు శ్రుతుల లెక్కలో కొందరు శాస్త్రజ్ఞులు న్యూనశ్రుతి అని పిలిచేది ఈ నిష్పత్తినే. ఘంటసాల పాటకు శ్రుతి నిర్ణయించే పరిశోధకుడు తన ముందున్న డిస్కు ఏ ప్రమాణంలో ఉందో చూసుకోకపోతే ఫలితం సరిగ్గా ఆ మేరకు తప్పుతుంది.

అమెరికాలోని ప్రేక్షకులను ఉద్దేశించిన డిస్కులు అక్కడి ప్రమాణంలో, సెకనుకు సుమారు 30 ఫ్రేముల లెక్కతో వెలువడేవి. వాటిలో ఫ్రేములను అంచెలుగా మళ్లీ చూపి కాలాన్ని సరిచేస్తారు కాబట్టి నిడివి మారదు. ఒకే చిత్రానికి దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న డిస్కుకూ, డాలస్‌లో కొన్న డిస్కుకూ నిడివిలో తేడా కనిపిస్తే అది కత్తెర వల్ల కావచ్చు, వేగం వల్ల కావచ్చు. ఏదన్నది తేల్చకుండా 'కొన్ని దృశ్యాలు తొలగించారు' అని రాయరాదు.

7. ప్రతిలోనే ఉన్న గద్య

తాళపత్ర ప్రతులలో ఆశ్వాసాంత గద్య కవి వివరాలు చెబుతుంది. లేఖకుడి సమాప్తివాక్యం ప్రతి వివరాలు చెబుతుంది. డిస్కు ప్రతిలోనూ అటువంటిది ఒకటి ఉన్నదని మన పరిశోధకులు గమనించవలసి ఉంది. ఎంపెగ్ వీడియో ప్రవాహం మొదట్లోనూ, మధ్యలో మాటిమాటికీ ఒక శీర్షం వస్తుంది. చిత్రం కొలతలు, ఫ్రేముల వేగం, బిట్‌రేటు, బఫర్ పరిమాణం అందులో అంకెలుగా ఉంటాయి. బఫర్‌ను 16,384 బిట్ల ప్రమాణాలలో రాస్తారు. వీసీడీ హద్దు ప్రకారం ఆ అంకె 20; డీవీడీ హద్దు ప్రకారం 112. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనాలతో వీటిని ఎవరైనా చదవవచ్చు.

గద్యను కూడా గుడ్డిగా నమ్మకూడదన్నది పరిష్కర్తల అనుభవం. మరో కావ్యపు గద్యను యథాతథంగా ఎక్కించిన లేఖకులు ఉన్నారు. డిస్కు శీర్షం విషయమూ అంతే. మారే బిట్‌రేటు ఉన్న ప్రవాహంలో అక్కడ రాసి ఉండేది సాధారణంగా గరిష్ఠమే. అసలు సగటు దానిలో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి శీర్షంలోని అంకెను నమోదు చేసి, ఫైలు పరిమాణాన్ని నిడివితో భాగించి వచ్చిన సగటును దాని పక్కన రాయాలి. ఈ రెంటి మధ్య దూరమే ఆ ప్రతిని ఎంత శ్రద్ధతో రాశారో, ఎంత ఇరుకులో రాశారో సూచిస్తుంది.

8. ఆక్షేపణలు - సమాధానాలు

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: ఇవి ఇంజనీర్ల విషయాలు, సాహిత్య, కళావిమర్శకులకు వీటితో పని ఏమిటి? తాటాకు, గంటం, సిరా కూడా ఒకప్పుడు వృత్తిపనివారి విషయాలే. ఏ అక్షరం ఏ అక్షరంగా పొరబడడానికి వీలుందో లిపి తెలిసినవాడే చెప్పగలడు. అలాగే ఏ దృశ్యం ఏ విధంగా చెదరడానికి వీలుందో బఫర్ తెలిసినవాడే చెప్పగలడు.

రెండవది: నేటి కంప్యూటర్లకూ ఫోన్లకూ ఈ ఇరుకు హద్దులు అక్కరలేదు, ఇది ముగిసిన చర్చ కదా? హద్దులు పరికరంలో తొలగిపోయాయి, ప్రతిలో తొలగిపోలేదు. 40 కిలోబైట్ల బఫర్ కోసం తగ్గించి రాసిన తలంబ్రాలను ఏ కొత్త ఫోనూ తిరిగి నింపలేదు. పైగా నెట్‌వర్కు మీద వచ్చే వీడియోకు కూడా గరిష్ఠ బిట్‌రేటు, బఫర్ అన్న జంట హద్దులను పెట్టే ఎన్‌కోడ్ చేస్తారు. 2018 సెప్టెంబర్ 24 నుంచి ఎల్బీనగర్ దాకా నడుస్తున్న మెట్రోలో కూర్చుని సినిమా చూసే ప్రయాణికుడికి సిగ్నల్ బలాన్ని బట్టి క్షణక్షణానికి ఒక నాణ్యత అందుతుంది. అతడు చూసిన పాఠం మరొకరికి చూపగల ప్రతిగా ఎక్కడా నిలవదు. డిస్కుకు లోపాలెన్ని ఉన్నా అది స్థిరమైన ప్రతి. ఇద్దరు పరిశోధకులు ఒకే ప్రతిని ఎదురెదురుగా పెట్టుకొని వాదించుకోవచ్చు.

మూడవది: పెళ్లి వీడియోను పాఠంగా పరిగణించడం అతిశయోక్తి కాదా? ఒక ప్రాంతపు భాష, బంధువరసలు, పెళ్లిపాటలు, పురోహితుడి ఉచ్చారణ, చీరకట్టు, వడ్డన తీరు ఒకే చోట నమోదైన ఆకరం ఇంకొకటి చూపడం కష్టం. నల్గొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు తరలివచ్చిన కుటుంబంలో అమ్మమ్మ పాడిన పాట ఆ డిస్కులో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు. లేజరుతో రాసిన డిస్కుల రంగుపొర శాశ్వతం కాదు. ఎండ తగిలే బీరువాపై ఉన్న డిస్కు ఏదో ఒక రోజు చదవడం మానేస్తుంది.

ఇక్కడ జరుగుతున్న అసలు నష్టం రక్షణ పేరుతో జరుగుతున్నది. పాత డిస్కును ఫోన్‌లో చూసుకోవడానికి చిన్న ఫైలుగా మార్చి, డిస్కును పారవేస్తున్నారు. మార్చడమంటే మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యడం. మొదటి విడతలో చెదిరిన గళ్లను రెండవ విడత అసలు వివరాలుగా భ్రమించి, వాటి మీద బిట్లు ఖర్చుపెట్టి, మిగిలిన వివరాన్ని మరింత తగ్గిస్తుంది. తప్పుల ప్రతి నుంచి రాసిన నకలులో పాత తప్పులూ కొత్త తప్పులూ కలిసినట్టే.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి.

1. డిస్కు ప్రతిలోని నాణ్యతాలోపాన్ని మూలకృతికి ఆపాదించే ముందు ఆ ప్రతి సగటు బిట్‌రేటునూ, గరిష్ఠాన్నీ, బఫర్ విలువనూ చూడాలి.

2. చలనచిత్ర పరిశోధనలో ఆకరంగా డిస్కును పేర్కొనేటప్పుడు మాధ్యమం, డిస్కుల సంఖ్య, చుక్కల కొలత, ఫ్రేముల వేగం, నిడివి, సగటు బిట్‌రేటు, విరామస్థానాలు నమోదు చెయ్యాలి. ఇది ఒక పేరా మించని పని.

3. ప్లేయర్ అనుకూలత కోసం పెట్టిన హద్దులను కళకు శత్రువులుగా చూడనక్కరలేదు. అవి అందరికన్నా పేద పాఠకుణ్ణి లెక్కలో ఉంచుకున్న నియమాలు. నష్టానికి ప్రధానకారణం ఆ హద్దుల లోపల జాగాను పంచిన తీరు: శబ్దానికి అనవసరంగా ఇచ్చిన వాటా, నిశ్చలదృశ్యానికీ ముహూర్తానికీ చేసిన సమాన పంపిణీ, ఒక డిస్కులో ఇరికించిన మూడు సినిమాలు.

4. ఇళ్లలోని డిస్కులను భద్రపరిచేటప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకూడదు. డిస్కును ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా నకలు తీసి, రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. ఫోన్ కోసం చేసుకునే చిన్న ఫైలు అదనపు సౌకర్యంగా మాత్రమే ఉండాలి. డీవీడీ మొత్తం నకలుకు పట్టే జాగా నేటి పెన్‌డ్రైవులో చిన్న భాగం.

బ్రౌన్ కాలానికి తాటాకులు ఇళ్ల అటకల మీద ఉన్నాయి. వాటి విలువ గుర్తించినవారు ఇంటింటికీ తిరిగి సేకరించి నకళ్లు రాయించడం వల్లనే ఈనాడు మనకు చర్చించడానికి పాఠాలు మిగిలాయి. డిస్కులు ప్రస్తుతం మన బీరువాలలో, మంచం కింది పెట్టెలలో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక ఇంట, రాలుతున్న తలంబ్రాల మధ్య, గళ్లు గళ్లుగానైనా అమ్మమ్మ ముఖం ఇంకా కనిపిస్తున్నది. అది చదవగల స్థితిలో ఉండగానే, ఉన్నది ఉన్నట్టు నకలు తీసుకోవడం పాఠపరిష్కరణలో మొదటి మెట్టు.